సర్టిఫికెట్ సెల్ఫ్‌సైన్డ్ అవునో కాదో సిస్టమ్ కోడ్‌లో తేల్చడం ఎలా?

“ఇష్యూయర్ పేరు, సబ్జెక్ట్ పేరు ఒకటే అయితే ఆ సర్టిఫికెట్ సెల్ఫ్‌సైన్డ్ అనుకోవచ్చు కదా?” అని నన్ను అడిగేవారు చాలామంది. సర్టిఫికెట్ అంటే ఒక పేరును ఒక పబ్లిక్ కీతో ముడిపెట్టే, డిజిటల్ సంతకం ఉన్న పత్రం. రహస్యంగా ఉంచుకునే ప్రైవేట్ కీతో సంతకం పెడతారు, దాని జోడీ అయిన పబ్లిక్ కీతో ఎవరైనా ఆ సంతకాన్ని సరిచూడవచ్చు. సబ్జెక్ట్ అంటే ఆ కీ యజమాని, ఇష్యూయర్ అంటే సర్టిఫికెట్‌ను జారీచేసినవారు. కెర్నెల్‌లోకి (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగంలోకి) కీలను లోడ్ చేసే కోడ్ రాసేవారు, బూట్ సమయంలో సంతకాలను సరిచూసే కోడ్ రాసేవారు, టీఎల్‌ఎస్ (నెట్‌వర్క్ సంభాషణను భద్రపరిచే పద్ధతి) లైబ్రరీని తమ సిస్టమ్‌కు తగ్గట్టు మార్చుకునేవారు, అందరూ ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న దగ్గరకే వస్తారు. అలా అనుకోకూడదన్నదే నా జవాబు. పేర్లు కలవడం ఒక సూచన మాత్రమే. సర్టిఫికెట్ మీద ఉన్న సంతకం ఆ సర్టిఫికెట్‌లోనే ఉన్న పబ్లిక్ కీతో సరిపోయిందని లెక్క వేసి చూసిన తరువాతే అది సెల్ఫ్‌సైన్డ్ అని చెప్పగలం. ఆ లెక్కను ఏ వరుసలో వేయాలో, ఎక్కడెక్కడ పొరపాట్లు జరుగుతాయో, మీ కోడ్ సరిగ్గా పనిచేస్తోందని ఎలా నిర్ధారించుకోవాలో ఇక్కడ వివరిస్తాను.

ముందుగా మూడు మాటలను విడదీసుకోండి

సర్టిఫికెట్ల నియమాలను చెప్పే ఇంటర్నెట్ ప్రమాణం, 2008లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 5280 ఈ విషయాన్ని స్పష్టంగానే చెప్పింది. ఇష్యూయర్, సబ్జెక్ట్ రెండూ ఒకే సంస్థ అయితే ఆ సర్టిఫికెట్ సెల్ఫ్‌ఇష్యూడ్. అలాంటి సర్టిఫికెట్ మీది సంతకం దానిలోని పబ్లిక్ కీతోనే సరిపోతే అది సెల్ఫ్‌సైన్డ్. ప్రతి సెల్ఫ్‌సైన్డ్ సర్టిఫికెట్టూ సెల్ఫ్‌ఇష్యూడే గాని, సెల్ఫ్‌ఇష్యూడ్ అయినవన్నీ సెల్ఫ్‌సైన్డ్ కావు. ఒక సర్టిఫికెట్ సంస్థ తన పాత కీని పక్కనపెట్టి కొత్త కీకి మారేటప్పుడు, పాత కీని నమ్మేవారు కొత్త కీని కూడా నమ్మగలిగేలా, కొత్త కీ ఉన్న సర్టిఫికెట్ మీద పాత కీతో సంతకం పెడుతుంది. అందులో రెండు పేర్లూ ఒకటే, కీలు మాత్రం వేరు. పేర్లను మాత్రమే చూసే కోడ్ తప్పటడుగు వేసేది సరిగ్గా ఇక్కడే.

మూడో మాట నమ్మకం. ఒక సర్టిఫికెట్ సెల్ఫ్‌సైన్డ్ అని తేలినంత మాత్రాన అది నమ్మదగినదీ కాదు, నమ్మకూడనిదీ కాదు. ఏ కీతోనైనా ఏ పేరుతోనైనా ఎవరైనా అలాంటి సర్టిఫికెట్‌ను క్షణంలో తయారుచేసుకోగలరు. నమ్మకం మీ సిస్టమ్‌లో ముందే భద్రపరిచిన జాబితా నుంచి రావాలి. ఈ మూడింటినీ కోడ్‌లో మూడు వేర్వేరు ఫలితాలుగా ఉంచండి. ఒకే ఫ్లాగ్‌లో కలిపేయకండి.

ఆర్‌ఎఫ్‌సీ నిర్వచనం సర్టిఫికెట్ సంస్థల సర్టిఫికెట్లను ఉద్దేశించినది. వాడుకలో మాత్రం ఒక సర్వర్ గాని, పరికరం గాని తన సర్టిఫికెట్‌పై తానే సంతకం పెట్టుకున్నా సెల్ఫ్‌సైన్డ్ అనే అంటారు. ఈ వ్యాసంలో ఆ విశాలమైన అర్థాన్నే తీసుకుంటున్నాను.

కావలసినవి

- సర్టిఫికెట్ డెర్ రూపంలో, అంటే నేరుగా బైట్లుగా ఉండాలి. పెమ్ రూపంలో, అంటే అవే బైట్లు అక్షరాలుగా రాసి ఉంటే ముందు మార్చుకోండి. ఒకే పెమ్ ఫైలులో వరుసగా చాలా సర్టిఫికెట్లు ఉండవచ్చు. మార్పిడి టూల్ సాధారణంగా మొదటిదాన్నే తీసుకుంటుందని గుర్తుంచుకోండి.
- ఎక్స్.509 (ఈ సర్టిఫికెట్ల ప్రామాణిక నమూనా) పార్సర్ కావాలి. అది విడదీసిన విలువలతో పాటు, సంతకం పెట్టిన భాగం తాలూకు అసలు బైట్లు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిశాయో కూడా చెప్పగలగాలి.
- ఆర్‌ఎస్‌ఏ, ఈసీడీఎస్‌ఏ (ఎలిప్టిక్ కర్వ్ కీతో పెట్టేది) అనే రెండు రకాల సంతకాలను సరిచూసే ఫంక్షన్లు ఉండాలి.
- పరీక్ష సర్టిఫికెట్లు తయారుచేసుకోవడానికి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (క్రిప్టో లైబ్రరీ, దానితో వచ్చే టూల్) 3.0 గాని, అంతకంటే కొత్తది గాని కావాలి.
- ఫైలులో ఒక్క బైట్‌ను మార్చడానికి హెక్స్ ఎడిటర్ ఉండాలి. ఇది చిన్న వస్తువే అయినా, ఈ పనిలో అన్నింటికంటే ఎక్కువ నిజం చెప్పేది ఇదే.

అంచెలంచెలుగా

1. ఫలితానికి మూడు విలువలు పెట్టుకోండి. “అవును”, “కాదు”, “తేల్చలేకపోయాను” అన్న మూడూ ఉండాలి. సంతకంలో వాడిన అల్గారిథం మీ సిస్టమ్‌లో లేకపోతే మీరు “కాదు” అనలేరు, “అవును” అనడం ఇంకా ప్రమాదం. రెండే విలువలు ఉన్న బూలియన్‌ను వాడితే ఈ మూడో స్థితి ఏదో ఒకదానిలోకి జారిపోతుంది. ఎటు జారిందో ఆ ఫంక్షన్‌ను పిలిచేవారికి తెలియదు. ఫ్లాగ్ మొదటి విలువ ఎప్పుడూ “తేల్చలేదు” అనే ఉండాలి. దానికి “అవును” అని రాసే పంక్తి, సంతకం సరిచూసిన తరువాత వచ్చే ఒక్క చోటే ఉండాలి.

2. పార్సింగ్‌లోనే కొంత వడపోత చేయండి. బయటి సీక్వెన్స్ పొడవు, ఫైలు పొడవు సరిపోవాలి. చివర అదనపు బైట్లు మిగిలితే తిరస్కరించండి. సర్టిఫికెట్‌లో సంతకపు అల్గారిథం రెండుచోట్ల రాసి ఉంటుంది: ఒకటి సంతకం పెట్టిన భాగం లోపల, రెండోది దాని బయట. ఆర్‌ఎఫ్‌సీ 5280 ప్రకారం ఆ రెండూ ఒకటే కావాలి. వేరైతే ఇక ముందుకు వెళ్లకండి. ఈ కోడ్ కెర్నెల్‌లో నడుస్తుంటే కీ పరిమాణానికి పైహద్దు తప్పక పెట్టండి. లేకపోతే అవతలివారు పంపిన పెద్ద ఆర్‌ఎస్‌ఏ కీతో మీ ప్రాసెసర్ కాలమంతా లెక్కలకే ఖర్చవుతుంది.

3. పేర్లను పోల్చండి. సబ్జెక్ట్, ఇష్యూయర్ రెండింటి డెర్ బైట్లనూ తీసుకుని, ముందు పొడవులు, తరువాత బైట్లు పోల్చండి. వేరైతే ఫలితం “కాదు”. పని అక్కడితో ముగుస్తుంది. ఒకటే అయితే “సెల్ఫ్‌ఇష్యూడ్” అన్న విషయాన్ని విడిగా నమోదు చేసుకుని ముందుకు వెళ్లండి.

ఇక్కడ ఒక ఎంపిక ఉంది. పేర్లను పోల్చేటప్పుడు పెద్దక్షరం, చిన్నక్షరం తేడాను, అదనపు ఖాళీలను లెక్కలోకి తీసుకోకుండా పోల్చే పద్ధతిని ఆర్‌ఎఫ్‌సీ 5280 చెప్పింది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ పేర్లను ఒక సమాన రూపంలోకి మార్చుకుని పోలుస్తుంది. లైనక్స్ కెర్నెల్ బైట్లను ఉన్నవి ఉన్నట్టుగా పోలుస్తుంది. తన సర్టిఫికెట్‌ను తానే తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఒకే పేరును రెండుచోట్లా ఒకేలా రాస్తుంది కాబట్టి, కెర్నెల్‌లో బైట్ల పోలికే చాలని నా అభిప్రాయం. అక్కడ అక్షర రూపాలను మార్చే కోడ్ పెట్టడం వల్ల వచ్చే లాభం కంటే చేరే ప్రమాదం ఎక్కువ. అయితే ఏ పద్ధతి ఎంచుకున్నా, చైన్ కట్టే కోడ్‌లోనూ అదే పద్ధతి ఉండాలి. చైన్ అంటే ఒక సర్టిఫికెట్ నుంచి దాని ఇష్యూయర్ సర్టిఫికెట్‌కు, అలా పైకి సాగే వరుస. దాని చివర ఉండేది రూట్. ఒకచోట బైట్లు, ఇంకోచోట సమాన రూపం అయితే ఒకే సర్టిఫికెట్‌కు రెండు జవాబులు వస్తాయి.

ఖాళీ పేర్లతో జాగ్రత్త. సబ్జెక్ట్ ఖాళీగా ఉండి, అసలు పేరు సబ్జెక్ట్ ఆల్టర్నేటివ్ నేమ్‌లో ఉన్న సర్టిఫికెట్లు చెల్లుతాయి. ఇష్యూయర్ మాత్రం ఖాళీగా ఉండకూడదు. మీ పార్సర్ ఆ నియమాన్ని పట్టించుకోకపోతే, సున్నా పొడవున్న రెండు పేర్లు “ఒకటే” అని తేలుతాయి. ఇష్యూయర్ ఖాళీగా ఉంటే పార్సింగ్‌లోనే ఆపేయండి.

4. కీ గుర్తింపులు ఉంటే చూడండి. సబ్జెక్ట్ కీ ఐడెంటిఫయర్ సర్టిఫికెట్ యజమాని కీని, అథారిటీ కీ ఐడెంటిఫయర్ సంతకం పెట్టినవారి కీని సూచిస్తాయి. రెండూ ఉండి, కలవకపోతే ఫలితం “కాదు”. అథారిటీ కీ ఐడెంటిఫయర్‌లో ఇష్యూయర్ పేరు, సీరియల్ నంబరు కూడా ఉంటే అవి ఈ సర్టిఫికెట్‌లోని ఇష్యూయర్‌కు, సీరియల్ నంబరుకే సరిపోవాలి.

ఈ అంచెలో రెండు పొరపాట్లు ఎక్కువగా చూస్తుంటాను. గుర్తింపు లేకపోవడాన్ని “కలిసింది” అని లెక్కవేయడం మొదటిది. సెల్ఫ్‌సైన్డ్ సర్టిఫికెట్‌లో అథారిటీ కీ ఐడెంటిఫయర్ లేకపోవచ్చని ఆర్‌ఎఫ్‌సీ అనుమతించింది గాని, అది లేని ప్రతిదీ సెల్ఫ్‌సైన్డ్ అని చెప్పలేదు. రెండోది, సబ్జెక్ట్ కీ ఐడెంటిఫయర్ లేనప్పుడు పబ్లిక్ కీకి తామే షా-1 హాష్ (బైట్ల నుంచి లెక్కించే చిన్న ముద్ర) లెక్కవేసి దానితో పోల్చడం. ఆ గుర్తింపును ఫలానా పద్ధతిలోనే లెక్కించాలన్న కట్టుబాటు లేదు కాబట్టి ఆ పోలికకు అర్థం లేదు. ఈ గుర్తింపులు కేవలం సూచనలు. వాటిలో ఏ బైట్లు రాయాలన్నది సర్టిఫికెట్ తయారుచేసినవారి ఇష్టం.

5. కీ రకం ఆ సంతకాన్ని పెట్టగలదా అని చూడండి. సర్టిఫికెట్‌లో ఉన్నది ఎలిప్టిక్ కర్వ్ కీ, సంతకం ఆర్‌ఎస్‌ఏ అయితే అది తనపై తాను పెట్టుకున్న సంతకం కానేకాదు. ఎక్స్25519 లాంటి కీలు సంతకాలకు పనికిరావు. ఆ కీ ఉన్న సర్టిఫికెట్ ఎన్నటికీ సెల్ఫ్‌సైన్డ్ కాలేదు. ఈ సందర్భాల్లో “తేల్చలేకపోయాను” అనకుండా ధైర్యంగా “కాదు” అనవచ్చు.

ఎలిప్టిక్ కర్వ్ కీ అయితే కర్వ్ పేరుతో ఉందా, లేక కర్వ్ పారామీటర్లన్నీ విడిగా రాసి ఉన్నాయా అని తప్పక చూడండి. విడి పారామీటర్లు ఉంటే తిరస్కరించండి. పేరున్న కర్వ్‌లనే వాడాలని 2009 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5480 చెప్పింది. 2020 జనవరిలో మైక్రోసాఫ్ట్ సరిదిద్దిన సీవీఈ-2020-0601 లోపం ఇక్కడే పుట్టింది. విండోస్ క్రిప్టో కోడ్ రూట్ సర్టిఫికెట్‌ను పోల్చేటప్పుడు పబ్లిక్ కీని చూసింది గాని, ఆ కీ ఏ పారామీటర్ల మీద ఆధారపడిందో పూర్తిగా సరిచూడలేదు. పారామీటర్లను తన ఇష్టప్రకారం ఎంచుకునే వీలు ఉంటే, అసలు రూట్ పబ్లిక్ కీకి సరిపోయే ప్రైవేట్ కీని దాడి చేసేవాడు సృష్టించుకోగలడు.

6. సంతకాన్ని సరిచూడండి. సర్టిఫికెట్‌లోని పబ్లిక్ కీతో, సంతకం పెట్టిన భాగం తాలూకు అసలు బైట్ల మీద సంతకాన్ని సరిచూడాలి. “అసలు బైట్లు” అన్నది ముఖ్యం. పార్స్ చేసిన విలువలను మళ్లీ డెర్‌గా మార్చి వాటి మీద హాష్ లెక్కవేస్తే, మూలంలో చిన్న ఎన్‌కోడింగ్ తేడా ఉన్నా సంతకం తప్పుతుంది. హాష్ లెక్కలో ఆ భాగం తాలూకు ట్యాగ్, పొడవు బైట్లు కూడా చేరాలి. లోపలి విషయాన్ని మాత్రమే ఇస్తే సరిపోదు.

ఈ అంచెలో అందరికంటే ఎక్కువగా ఏడిపించేది ఒకే ఒక్క బైట్. సంతకం బిట్ స్ట్రింగ్‌గా ఉంటుంది. దాని లోపలి బైట్లలో మొదటిది వాడని బిట్లు ఎన్నో చెబుతుంది, అది ఇక్కడ 0 కావాలి. ఆ బైట్‌ను దాటకుండా సంతకాన్ని పంపితే 2048 బిట్ల ఆర్‌ఎస్‌ఏ సంతకం 256 బైట్లకు బదులు 257 బైట్లుగా కనిపిస్తుంది, ప్రతి సర్టిఫికెట్టూ విఫలమవుతుంది. మీ డీబగ్ లాగ్‌లో సంతకం పొడవును ముద్రించుకోండి. 257 కనిపిస్తే కారణం వెతుక్కోవాల్సిన పని లేదు.

7. ఫలితాన్ని తేల్చండి. సంతకం సరిపోతే “అవును”. సరిపోకపోతే “కాదు”. అల్గారిథం అందుబాటులో లేకపోతే, మెమరీ దొరకకపోతే, లైబ్రరీ ఇంకేదైనా లోపం చూపితే “తేల్చలేకపోయాను”. పేర్లు కలిసి, కీ గుర్తింపులు కూడా కలిసి, సంతకం మాత్రం తప్పితే ఆ సర్టిఫికెట్ చెడిపోయినదై ఉండాలి లేదా ఎవరో మార్చినదై ఉండాలి. దాన్ని మామూలు “కాదు”తో కలపకుండా లాగ్‌లో విడిగా రాయండి.

8. నమ్మకాన్ని వేరే ఫంక్షన్‌కు అప్పగించండి. సెల్ఫ్‌సైన్డ్ అని తేలిన సర్టిఫికెట్ మీ నమ్మకపు జాబితాలో ఉందా అన్నది మొత్తం సర్టిఫికెట్ బైట్లతో గాని, వాటి షా-256తో గాని పోల్చి చూడండి. పేరుతోనో, కీ గుర్తింపుతోనో మాత్రమే వెతికి సరిపెట్టుకోకండి. రూట్ మీద దాని సొంత సంతకం నమ్మకానికి ఏమీ జోడించదు. జాబితాలో ఉన్న పాత రూట్ మీద షా-1తో పెట్టిన సొంత సంతకం ఉండి, మీ సిస్టమ్ షా-1ను నిలిపివేసి ఉంటే, ఆ సంతకం సరిచూడలేకపోయినా రూట్ చెల్లుతుంది. అది జాబితాలో ఉండటమే దానికి అర్హత. ఏడో అంచెలోని “తేల్చలేకపోయాను” అన్న విలువ అక్కరకు వచ్చేది ఇలాంటప్పుడే.

ఇప్పటికే ఉన్న కోడ్‌ను వాడుకుంటే

అంతా మొదటినుంచి రాయడం కంటే ఉన్న ఫంక్షన్‌ను పిలవడం మంచిదే. కాని అది ఏ జవాబు ఇస్తోందో తెలుసుకుని పిలవాలి.

లైనక్స్ కెర్నెల్‌లో ఈ పని చేసేది ఎక్స్509_చెక్_ఫర్_సెల్ఫ్_సైన్డ్ అనే ఫంక్షన్. క్రిప్టో డైరెక్టరీలో అసిమ్మెట్రిక్ కీల భాగంలో ఉంటుంది. దాన్ని ఒకసారి ఓపికగా చదవమని కోరుతున్నాను. పైన చెప్పిన వరుస చాలావరకు అందులోనే కనిపిస్తుంది. ముందు పేర్ల పొడవులు, తరువాత బైట్లు పోలుస్తుంది. అథారిటీ కీ ఐడెంటిఫయర్ ఉంటే దానిలోని రెండు భాగాలనూ చూస్తుంది. ఏదీ కలవకపోతే సెల్ఫ్‌సైన్డ్ కాదని వెనక్కి వస్తుంది. రెండూ ఉండి ఒకటి కలిసి ఒకటి కలవకపోతే కీని తిరస్కరిస్తున్నట్టు ఎర్రర్ ఇస్తుంది. ఆ తరువాత సంతకాన్ని సరిచూసి, సరిపోతేనే సర్టిఫికెట్ స్ట్రక్చర్‌లోని సెల్ఫ్_సైన్డ్ ఫ్లాగ్‌ను నిలుపుతుంది.

దీన్ని చదివేవారు చేసే పొరపాటు ఏమిటంటే, ఫంక్షన్ 0 తిరిగి ఇస్తే “సెల్ఫ్‌సైన్డ్” అనుకోవడం. సెల్ఫ్‌సైన్డ్ అయినా 0 వస్తుంది, కాకపోయినా 0 వస్తుంది, అల్గారిథం అందుబాటులో లేకపోయినా 0 వస్తుంది. 0 అంటే లోపం లేకుండా పని ముగిసిందని మాత్రమే. జవాబు ఫ్లాగ్‌లో ఉంటుంది. అల్గారిథం లేకపోతే ఆ సంగతి అన్‌సపోర్టెడ్_సిగ్ అన్న మరో ఫ్లాగ్‌లో ఉంటుంది. రెండింటినీ చదవండి.

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3.0 నుంచి ఎక్స్509_సెల్ఫ్_సైన్డ్ అనే ఫంక్షన్ ఉంది. దానికి రెండు ఆర్గ్యుమెంట్లు: సర్టిఫికెట్, సంతకాన్ని సరిచూడాలా వద్దా అన్న సంఖ్య. రెండోది 0 అయితే పేర్లు, ఉన్నంతవరకు కీ గుర్తింపులు, కీ రకం మాత్రమే చూసి జవాబు చెబుతుంది. మీకు నిజమైన జవాబు కావాలంటే 1 ఇవ్వాలి. తిరిగి వచ్చే విలువ 1 అయితేనే “అవును”. లోపం వస్తే రుణసంఖ్య వస్తుంది. సీ భాషలో 0 కానిదంతా నిజమే కాబట్టి, ఫలితాన్ని నేరుగా ఇఫ్‌లో పెడితే లోపం కూడా “అవును” అయిపోతుంది. ఎప్పుడూ 1తో సమానమా అనే పోల్చండి. ఇంకొక సంగతి: సరిపోని సంతకం ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఎర్రర్ క్యూలో లోపాలను మిగులుస్తుంది. వాటిని తొలగించకపోతే, తరువాత ఎప్పుడో సంబంధం లేని చోట పైకి తేలి మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తాయి.

వెరిఫికేషన్ ఎర్రర్ సంఖ్యల్లో 18 అంటే మీరు ఇచ్చిన సర్టిఫికెట్టే సెల్ఫ్‌సైన్డ్, అది నమ్మకపు జాబితాలో లేదు అని. 19 అంటే చైన్ ఒక సెల్ఫ్‌సైన్డ్ రూట్ వరకు వెళ్లింది గాని, ఆ రూట్ జాబితాలో లేదు అని. 20 అంటే ఇష్యూయర్ సర్టిఫికెట్టే దొరకలేదు. 18 వచ్చినప్పుడు కొందరు ఆ ఎర్రర్‌ను పట్టించుకోకుండా దాటవేసే కోడ్ రాస్తారు. దయచేసి అలా చేయకండి. ఆ సర్టిఫికెట్‌ను నమ్మదలిస్తే దాన్ని జాబితాలో చేర్చండి.

విండోస్‌లో చైన్ కట్టే ఫంక్షన్ ప్రతి సర్టిఫికెట్‌కూ స్థితి ఫ్లాగులు ఇస్తుంది. వాటిలోని సమాచార భాగంలో సెల్ఫ్‌సైన్డ్ అని చెప్పే బిట్ ఉంటుంది. రూట్ నమ్మదగినది కాదని చెప్పేది లోపాల భాగంలోని వేరొక బిట్. ఈ రెంటినీ అలా వేరుగా ఉంచడం మంచి అమరిక. ఆపిల్ సిస్టమ్‌లలో సబ్జెక్ట్, ఇష్యూయర్ పేర్లను సమాన రూపంలో ఇచ్చే ఫంక్షన్లు ఉన్నాయి. వాటిని పోలిస్తే సెల్ఫ్‌ఇష్యూడ్ అవునో కాదో మాత్రమే తెలుస్తుంది.

పరీక్ష సర్టిఫికెట్లు, రావలసిన జవాబులు

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో రెక్ ఉపఆదేశానికి ఎక్స్509 ఆప్షన్ ఇస్తే నేరుగా సెల్ఫ్‌సైన్డ్ సర్టిఫికెట్ వస్తుంది. దానితో మొదలుపెట్టి ఈ కింది వాటిని తయారుచేసుకోండి.

1. మామూలు ఆర్‌ఎస్‌ఏ 2048 సెల్ఫ్‌సైన్డ్ సర్టిఫికెట్, పీ-256 కర్వ్‌తో మరొకటి. రెండింటికీ జవాబు “అవును”.

2. మొదటిదాన్ని డెర్ రూపంలో కాపీ చేసి, ఫైలు చిట్టచివరి బైట్‌ను హెక్స్ ఎడిటర్‌లో మార్చండి. సర్టిఫికెట్ నిర్మాణంలో సంతకం ఆఖరున ఉంటుంది కాబట్టి ఆ బైట్ సంతకానిదే. పార్సింగ్‌కు ఏ ఇబ్బందీ రాదు. జవాబు “అవును” అని వస్తే మీ కోడ్ సంతకాన్ని చూడటం లేదు. ఇంకేమీ పరీక్షించే తీరిక లేకపోయినా ఈ ఒక్కటి మాత్రం చేయండి.

3. పాత కీతో సంతకం పెట్టిన కొత్త కీ సర్టిఫికెట్. కొత్త కీని సృష్టించి, పాత రూట్ పేరుతోనే సర్టిఫికెట్ రిక్వెస్ట్ తయారుచేసి, దాని మీద పాత రూట్ కీతో సంతకం పెట్టండి. అథారిటీ కీ ఐడెంటిఫయర్‌తో ఒకటి, అది లేకుండా ఒకటి చేయండి. రెండింటికీ జవాబు “కాదు”.

4. చివరి చెల్లుబాటు తేదీ దాటిన సెల్ఫ్‌సైన్డ్ సర్టిఫికెట్. జవాబు “అవును”. తేదీల పని వేరే ఫంక్షన్‌ది.

5. మీ సిస్టమ్‌లో లేని అల్గారిథంతో సంతకం పెట్టిన సర్టిఫికెట్. జవాబు “తేల్చలేకపోయాను”.

6. ఎక్స్‌టెన్షన్లు ఏవీ లేని వెర్షన్ 1 సెల్ఫ్‌సైన్డ్ సర్టిఫికెట్. జవాబు “అవును”.

7. పేరు మార్చుకుని, కీని మాత్రం మార్చని సంస్థ సర్టిఫికెట్: ఇష్యూయర్ పాత పేరు, సబ్జెక్ట్ కొత్త పేరు, కీ ఒక్కటే. సంతకం లోపలి కీతో సరిపోతుంది, పేర్లు కలవవు. నిర్వచనం ప్రకారం జవాబు “కాదు”.

మూడో పరీక్ష దగ్గర కాసేపు ఆగాలి. అథారిటీ కీ ఐడెంటిఫయర్ లేని రకాన్ని సంతకం సరిచూడవద్దని చెప్పి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఫంక్షన్‌కు ఇస్తే “అవును” అంటుంది, సరిచూడమంటే అనదు. అదే సర్టిఫికెట్‌ను లైనక్స్ కెర్నెల్‌కు ఇస్తే పేర్లు కలిసినందువల్ల సంతకం దాకా వెళ్లి, అక్కడ సరిపోక, ఎర్రర్ ఇస్తుంది. దాంతో సర్టిఫికెట్ పార్సింగే ఆగిపోయి ఆ కీ అసలు లోడ్ కాదు. ఐడెంటిఫయర్ ఉన్న రకమైతే అదే కెర్నెల్ “కాదు” అని శాంతంగా చెప్పి ముందుకు వెళుతుంది. అంటే సర్టిఫికెట్ తయారుచేసేవారికీ ఇందులో బాధ్యత ఉంది: కీ మార్పిడి సర్టిఫికెట్లలో అథారిటీ కీ ఐడెంటిఫయర్ తప్పక ఉంచండి.

నేను ఒకసారి పరిశీలించిన అప్‌డేట్ తనిఖీ కోడ్‌లో, చైన్ కట్టే లూప్ సబ్జెక్ట్, ఇష్యూయర్ పేర్లు కలిసిన చోట ఆగిపోయి, అదే రూట్ అనుకునేది. కీ మార్చేదాకా ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ రాలేదు. మార్చిన రోజున కొత్త కీ సర్టిఫికెట్ దగ్గరే ఆగి, అది జాబితాలో లేదని పరికరాలు అప్‌డేట్‌ను తిరస్కరించాయి. పాత రూట్ ఇంకొక్క అడుగు దూరంలోనే ఉంది. లూప్‌ను ఆపే షరతుగా “నమ్మకపు జాబితాలో దొరికింది” అన్నది మొదట రావాలి, “నిజంగా సెల్ఫ్‌సైన్డ్” అన్నది తరువాత రావాలి, వీటికి తోడు లోతుకు ఒక హద్దు ఉండాలి. రెండు సంస్థలు ఒకదానిపై ఒకటి సంతకం పెట్టుకున్న చోట సెల్ఫ్‌సైన్డ్ పరీక్ష ఎప్పటికీ నిజం కాదు కాబట్టి, ఆ హద్దు లేకపోతే లూప్ ఆగదు.

సరిచూసుకునేటప్పుడు

మీ ఫలితాలను ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వెరిఫై ఉపఆదేశంతో పోల్చుకోవచ్చు. అయితే అది చైన్ చివరి సెల్ఫ్‌సైన్డ్ సర్టిఫికెట్ మీది సంతకాన్ని మామూలుగా సరిచూడదు, దానివల్ల భద్రత పెరగదన్న కారణంతో. అందుకే రెండో పరీక్షలోని చెడిన రూట్‌ను నమ్మకపు జాబితాగా ఇస్తే అది అభ్యంతరం చెప్పదు. చెక్_ఎస్‌ఎస్_సిగ్ అన్న ఆప్షన్ చేర్చి నడిపితేనే మీ ఫలితంతో పోల్చదగిన జవాబు వస్తుంది.

జవాబులు తేడాగా వస్తే లక్షణాన్ని బట్టి వెతకండి. అన్ని సర్టిఫికెట్లకూ “కాదు” వస్తుంటే బిట్ స్ట్రింగ్ మొదటి బైట్‌ను, హాష్ వేసిన భాగపు హద్దులను చూడండి. ఆర్‌ఎస్‌ఏ సరిగా ఉండి ఈసీడీఎస్‌ఏ మాత్రమే విఫలమవుతుంటే సంతకపు రూపం కారణం కావచ్చు: సర్టిఫికెట్‌లో అది డెర్‌లో రాసిన రెండు సంఖ్యలు, కొన్ని ఏపీఐలు మాత్రం ఆ రెండు సంఖ్యలనూ పక్కపక్కన పెట్టిన ముడి బైట్లను కోరుతాయి, పీ-256కు అవి 64 బైట్లు. మీ కంప్యూటర్‌లో సరిగా ఉండి, పరికరంలో మాత్రమే “తేల్చలేకపోయాను” వస్తుంటే ఆ కెర్నెల్ కన్ఫిగరేషన్‌లో సంబంధిత హాష్ గాని, కీ అల్గారిథం గాని చేర్చలేదేమో చూడండి. బూట్ మొదట్లో విఫలమై తరువాత సరిగా పనిచేస్తుంటే, ఆ అల్గారిథం మాడ్యూల్‌గా ఉండి ఇంకా లోడ్ కాలేదని అర్థం. దాన్ని కెర్నెల్‌లోనే కలిపి బిల్డ్ చేసి, ఏడు పరీక్షలనూ మళ్లీ నడపండి.